కంపెనీ నేరుగా అమ్మితే కారు చవకవుతుందా? ముందు బిల్లు మీద పేరు చూడండి

మీరు అడిగింది ఇది. అమెరికాలోని ఆస్టిన్‌లో ఉంటున్న మీ బావగారు ఇంట్లో కూర్చుని ఫోనులోనే టెస్లా కారు కొన్నారు. రాజమండ్రిలో మీరు షోరూముకు వెళితే హ్యాండ్లింగ్ చార్జీలంటున్నారు, బీమా తమ దగ్గరే చేయించాలంటున్నారు, అక్కరలేని సీటు కవర్లు అంటగడుతున్నారు. ఇక్కడ కూడా కంపెనీలే నేరుగా అమ్మితే డీలర్ వాటా మిగిలి లక్ష రూపాయలైనా తగ్గదా, ఆ రోజు వచ్చేదాకా ఆగడం మేలా అన్నది మీ సందేహం.

నేను ఇరవై రెండేళ్లు డీలర్ల దగ్గర పనిచేశాను. మొదట అమ్మకాలు, తర్వాత స్టాక్, లెక్కలు. విజయవాడలో కొంతకాలం, హైదరాబాద్‌లో మిగతాది. ఆ ఉప్పు తిన్నవాణ్ని కాబట్టి నా మాటను ఆ మేరకు తగ్గించి చదువుకోండి. మీకు నా సమాధానం: ఆగకండి. లక్ష తగ్గదు. కానీ నేరుగా అమ్మడంలో మీకు పనికొచ్చే విషయం ఒకటుంది, అది ధర కాదు.

ముందు ఆ లక్ష సంగతి. సామాన్యులు కొనే కార్ల మీద డీలర్‌కు కంపెనీ వదిలే మార్జిన్ నేను చూసినంతలో మూడు నుంచి అయిదు శాతం. ఎనిమిది లక్షల కారు మీద అటూ ఇటుగా ముప్పై అయిదు వేలు అనుకోండి. మీరు బేరమాడి తగ్గించుకునే పదివేలు ఇందులోంచే పోతాయి. షోరూము అద్దె, జీతాలు, టెస్ట్ డ్రైవ్ కారు, పెట్రోలు, రిజిస్ట్రేషన్ కాగితాల పని, అన్నీ ఇందులోనే. కంపెనీ నేరుగా అమ్మినా ఎవరో ఒకరు షోరూముకు అద్దె కట్టాలి, ఎవరో ఒకరు మీకు కారు నడిపి చూపించాలి. ఆ ఖర్చు చేతులు మారుతుందే తప్ప మాయమైపోదు.

పోల్చి చూడండి. 2025 సెప్టెంబరు 22న చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 29 శాతం ఉన్నది 18 శాతానికి దిగింది. లెక్క వేస్తే ధరలో ఎనిమిదిన్నర శాతం తగ్గింది. ఎనిమిది లక్షల కారు మీద 68 వేల రూపాయలు. అంటే ఆ ఒక్క రోజున ప్రభుత్వం తగ్గించింది, డీలర్ తన మార్జిన్ మొత్తం వదిలేసుకున్నా తగ్గేదానికి దాదాపు రెట్టింపు. టెస్లానే తీసుకోండి. మధ్యలో డీలర్ అనేవాడే లేడు. 2025 జులైలో ముంబయి బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో షోరూము తెరిచి మోడల్ వై కారును 59.89 లక్షలతో మొదలుపెట్టింది. అమెరికాలో అప్పుడు దాని ధర 45 వేల డాలర్ల లోపు, మన డబ్బులో నలభై లక్షలకు తక్కువే. మధ్యలో తిన్నది దిగుమతి సుంకం. మీ బావగారికి చవకగా వచ్చిందంటే దానికి కారణం ఫోనులో కొనడం కాదు.

మరి మన దేశంలో చాలా కంపెనీలు నేరుగా ఎందుకు అమ్మడం లేదు? అమెరికాలోలా ఇక్కడ చట్టం అడ్డుపడటం లేదు. అమ్మే చోటుకు రవాణా శాఖ ట్రేడ్ సర్టిఫికెట్ ఉండాలి, అంతే. అసలు కారణం వేరే. బయటివాళ్లు డీలర్ అంటే అమ్మేవాడు అనుకుంటారు. కంపెనీ కళ్లకు డీలర్ అంటే కొనేవాడు. ఫ్యాక్టరీ గేటు దాటిన కారుకు ముందుగా డబ్బు కట్టేది అతనే.

ఇది అర్థం కావాలంటే నెలాఖరున ఒక స్టాక్‌యార్డు చూడాలి. నాకు బాగా గుర్తున్న రోజొకటి ఉంది. 29వ తేదీ సాయంత్రం, దీపావళికి ముందు. కంపెనీ ఏరియా మేనేజరు ఫోను చేసి, ట్రైలర్లు బయలుదేరాయి, దించుకోండి అన్నాడు. మేము అడిగింది తెలుపు, వెండి రంగు కార్లు. వచ్చినవి చాలావరకు గోధుమరంగు డీజిల్ బళ్లు. నెలకు రెండు అమ్మితే గొప్ప. యార్డు అప్పటికే నిండిపోయి ఉంది. పక్క వీధిలో ఫంక్షన్ హాలు ఆవరణను రోజుకింత అని అద్దెకు తీసుకుని, పెళ్లివాళ్ల షామియానా పక్కనే ముప్పై కొత్త కార్లు నిలబెట్టాం. రాత్రి కాపలావాడికి భోజనం పెళ్లివారే పెట్టారు. మర్నాటికి కంపెనీ లెక్కల్లో ఆ ముప్పై కార్లూ అమ్ముడుపోయినట్టే. ఒకటో తేదీన పత్రికల్లో వచ్చే అమ్మకాల అంకెలు చాలావరకు ఇవే, కంపెనీ నుంచి డీలర్‌కు పంపిన బళ్లు. కొన్నవాళ్ల పేరుమీద రిజిస్టరైన బళ్ల లెక్క వేరుగా వస్తుంది. డీలర్ల సమాఖ్య ఫాడా ఇచ్చేది అదే. అందులోనూ ఏళ్ల తరబడి తెలంగాణ అంకె ఉండేది కాదు, మన రవాణా శాఖ కేంద్రం వారి రిజిస్ట్రేషన్ల వ్యవస్థ వాహన్‌లో చేరకపోవడం వల్ల. ఆ నివేదికల్లో తెలంగాణ మినహా అన్న మాట చూసినప్పుడల్లా మేము నవ్వుకునేవాళ్లం, ఇక్కడ మనం అసలు కార్లే అమ్మనట్టు!

ఆ ముప్పై కార్ల మీద వడ్డీ ఎవరిది? డీలర్‌దే. పది లక్షల కారుకు ఏడాదికి పది శాతం వడ్డీ అనుకుంటే రోజుకు 274 రూపాయలు. అరవై రోజులు యార్డులో ఉంటే పదహారు వేలు దాటుతుంది. నలభై వేల మార్జిన్‌లో పదహారు వేలు కారు కదలకుండానే హారతి కర్పూరం. 2024 సెప్టెంబరు చివరికి దేశం మొత్తంమీద డీలర్ల దగ్గర 80 నుంచి 85 రోజుల స్టాక్, 79 వేల కోట్ల రూపాయల విలువైనది పేరుకుపోయిందని ఫాడా ప్రకటించింది. మీకు షోరూములో అంటగట్టే సీటు కవర్లు, బీమా కమీషన్, లోను ఇప్పించినందుకు బ్యాంకు ఇచ్చే సొమ్ము, ఇవన్నీ ఆ చిల్లును పూడ్చుకునే మార్గాలు. తప్పే, సమర్థించడం లేదు. నేనూ అంటగట్టాను, చాలామందికి.

ఇది ఈనాటి జబ్బు కాదు. 1920–21లో అమెరికాలో మాంద్యం వచ్చినప్పుడు హెన్రీ ఫోర్డ్ అప్పు తీర్చడానికి డబ్బు చాలక, అమ్ముడుపోని మోడల్ టీ కార్లను డీలర్లకు పంపి రొక్కం కట్టమన్నాడు. కట్టకపోతే డీలర్‌షిప్ పోతుంది. పాపం, ఊళ్లో బ్యాంకుకు పరుగెత్తి అప్పు తెచ్చి కట్టారు. ఇలాంటివి చూసి చూసి అక్కడి రాష్ట్రాలు ఒక్కొక్కటే డీలర్లను కాపాడే చట్టాలు చేశాయి. 1956లో అక్కడి కేంద్ర ప్రభుత్వం కూడా కంపెనీ దురుద్దేశంతో వ్యవహరిస్తే డీలర్ ఫెడరల్ కోర్టులో దావా వేయవచ్చని చట్టం తెచ్చింది. డీలర్‌ను చేరదీసి ఊరూరా వ్యాపారం పెంచుకున్నాక, అతని పక్కనే కంపెనీ సొంత దుకాణం తెరిచి తక్కువకు అమ్మకూడదన్నది వాటి ఉద్దేశం. న్యాయమే. కాలం గడిచేసరికి అవే చట్టాలు డీలర్లే లేని కొత్త కంపెనీకి కూడా అడ్డుగోడలయ్యాయి. మాకు డీలర్లే లేనప్పుడు ఎవరిని కాపాడుతున్నారు అని టెస్లా వాదించింది. 2014లో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం, టెస్లా డీలర్లు కానివారికి ఆ చట్టం కింద దావా వేసే అర్హత లేదని తేల్చింది. అదే ఏడాది మిషిగన్ శాసనసభ మాత్రం తలుపు ఇంకా గట్టిగా బిగించింది.

మీ బావగారి ఊరిదే అందరికంటే వింత. టెస్లా ప్రధాన కార్యాలయం ఆస్టిన్‌లో ఉంది, మోడల్ వై తయారయ్యే పెద్ద ఫ్యాక్టరీ అక్కడే ఉంది. అయినా టెక్సాస్ చట్టం ప్రకారం కంపెనీ తన కారును అక్కడ దుకాణంలో అమ్మకూడదు. ఫోనులో కొనుగోలు చేస్తే కాగితాల మీద అది వేరే రాష్ట్రంలో జరిగిన అమ్మకం. ఆయన అది తన సౌకర్యం అనుకుంటున్నారు కాబోలు. అందులో సగం చట్టాన్ని తప్పించుకునే ఏర్పాటు.

ఇక మన దగ్గర జరిగిన ప్రయోగం. 2021 అక్టోబరు నుంచి మెర్సిడెస్ బెంజ్ ఇండియా తన కొత్త కార్లను నేరుగా అమ్ముతోంది. షోరూములు మూసేయలేదు, డీలర్లను తీసేయలేదు. జరిగింది ఇది: కార్ల స్టాక్ కంపెనీదే, బిల్లు కంపెనీ పేరుతోనే, దేశమంతా ఒకే ఎక్స్‌షోరూమ్ ధర. డీలర్ ఫ్రాంచైజ్ భాగస్వామి అయ్యాడు. కారు చూపిస్తాడు, నడిపిస్తాడు, డెలివరీ ఇస్తాడు, కమీషన్ తీసుకుంటాడు. సర్వీసు అతనిదే. యార్డులో వడ్డీ భయం లేదు. హైదరాబాద్‌లో మీరు కోరిన రంగు లేకపోతే దేశంలో ఎక్కడున్నా అదే స్టాక్‌లోంచి కేటాయిస్తారు. ఒకే ధర అన్నాను కదా, ఆన్‌రోడ్ ధర మాత్రం రాష్ట్రానికొకటి, ఎందుకంటే లైఫ్ ట్యాక్స్ రాష్ట్రాలది. దీన్ని చూపించి కంపెనీ మోసం చేస్తోంది అని గొడవపడేవాళ్లు ఉంటారు, అది మాత్రం కంపెనీ తప్పు కాదు.

దీనివల్ల ఎవరికి లాభం? బేరం రానివాళ్లకు. నా అనుభవంలో ఒకే కారును ఒకే వారంలో ఇద్దరికి అమ్మినప్పుడు ఇద్దరి బిల్లులకూ ముప్పై వేలు తేడా వచ్చిన సందర్భాలు లెక్కలేనన్ని. మొహమాటపడే మాస్టారు ఎక్కువ కట్టేవారు, బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చి మూడుసార్లు లేచి వెళ్లిపోయే కాంట్రాక్టరు తక్కువ కట్టేవాడు. మాస్టారి డబ్బుతోనే కాంట్రాక్టరుకు డిస్కౌంటు. ఒకే ధర వస్తే ఆ అన్యాయం పోతుంది. అయితే బేరం మన రక్తంలో ఉంది కదా, ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చే పాత కారు విలువలోకి జారుకుంటుంది. అక్కడ ఏ ధరల పట్టికా ఉండదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. బిల్లు మీద ఎవరి పేరు ఉంది? దీన్ని చాలామంది చూడరు.

2011లో గోవాలో ఒకాయన కొత్త కారు కొన్నాడు. చేతికొచ్చింది 2009లో తయారైన బండి. వినియోగదారుల ఫోరానికి వెళ్లాడు. డీలర్ మీదా, తయారీ సంస్థ టాటా మోటార్స్ మీదా కేసు వేశాడు. ఫోరాలు ఇద్దరినీ బాధ్యుల్ని చేశాయి. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 ఫిబ్రవరిలో కోర్టు చెప్పింది ఏమిటంటే, కంపెనీకీ డీలర్‌కూ మధ్య ఉన్నది కొనుగోలుదారు, అమ్మకందారు సంబంధం, డీలర్ కంపెనీ ఏజెంటు కాదు. అందువల్ల డీలర్ చేసిన పని కంపెనీకి తెలుసు అని రుజువు చేయనిదే కంపెనీని బాధ్యుల్ని చేయలేం. కొన్నవాడి దృష్టిలో రెండూ ఒకటే, బోర్డు మీద ఒకటే గుర్తు. చట్టం దృష్టిలో ఇద్దరు. తయారీలో లోపం ఉంటే కంపెనీ తప్పించుకోలేదు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం అది స్పష్టంగా చెబుతోంది. కానీ పాత బండి అంటగట్టడం, చెప్పిన వేరియంట్ ఇవ్వకపోవడం, బుకింగ్ సొమ్ము తిరిగి ఇవ్వకపోవడం, ఇవన్నీ డీలర్ గల్లాపెట్టె దగ్గరే ఆగిపోతాయి. ఆ డీలర్ దుకాణం మూసేస్తే మీ కాగితానికి దిక్కులేదు.

కంపెనీ నేరుగా అమ్మితే ఈ గోడ కూలిపోతుంది. బిల్లు ఇచ్చినవాడే తయారుచేసినవాడు. అది డీలర్ పని, మాకు సంబంధం లేదు అనే సమాధానం ఇక చెల్లదు. పైగా కొత్త చట్టం ప్రకారం మీరు నివసించే ఊళ్లోనే జిల్లా కమిషన్‌లో కేసు వేయవచ్చు, కంపెనీ కార్యాలయం పుణెలో ఉన్నా చెన్నైలో ఉన్నా. మీకు నిజంగా మిగిలేది ఇదే, లక్ష రూపాయలు కాదు.

ఇందులోనూ మెలిక లేకపోలేదు. జవాబుదారీ ఒక్కడే అయినప్పుడు ఆ ఒక్కడూ ఫోను ఎత్తకపోతే? స్కూటర్లలో ఓలా ఎలక్ట్రిక్ 2021 నుంచి డీలర్లు లేకుండా నేరుగా అమ్మింది. బళ్లు త్వరగానే రోడ్డెక్కాయి, సర్వీసు అంత త్వరగా అందుకోలేదు. 2024 అక్టోబరులో పది వేలకు పైగా ఫిర్యాదుల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆ కంపెనీకి నోటీసు ఇచ్చింది. నూటికి తొంభై తొమ్మిది పరిష్కరించామని కంపెనీ జవాబిచ్చింది. ఆన్‌లైన్‌లోనే అమ్ముతామన్న కంపెనీ చివరికి 2024 డిసెంబరు నాటికి నాలుగు వేల దుకాణాలు తెరిచామని ప్రకటించుకుంది. డీలర్ ఎంత చెడ్డవాడైనా ఊళ్లో ఉంటాడు. ఉదయం తొమ్మిదింటికి అతని షోరూము ముందు నిలబడవచ్చు, తెలిసినవాళ్ల చేత చెప్పించవచ్చు, పెళ్లిలో ఎదురుపడినప్పుడు నలుగురిలో నిలదీయవచ్చు. నాకు అలాంటి అనుభవం రెండుసార్లు అయింది. అప్పడం నోట్లో ఉండగా సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. చాట్‌లో జవాబిచ్చే యంత్రానికి ఆ భయం ఉండదు.

డీలర్ల వైపు నుంచి కూడా ఒక్క మాట. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించినప్పుడు 170 మంది డీలర్లు రెండు వేల కోట్ల రూపాయల పెట్టుబడితో నడిరోడ్డున పడ్డారని ఫాడా వాపోయింది. అంతకుముందే జనరల్ మోటార్స్, హార్లే డేవిడ్‌సన్ వెళ్లిపోయాయి. ఆస్ట్రేలియాలో మెర్సిడెస్, డీలర్ కమీషన్ మీద అమ్మే ఇదే ఏజెన్సీ పద్ధతికి మారితే, మేము తరాలుగా పెంచిన ఖాతాదారులను ఊరికే లాక్కున్నారు అంటూ డీలర్లు 65 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల పరిహారానికి దావా వేసి 2023లో ఓడిపోయారు. ఇక్కడ డీలర్‌ను కాపాడే ప్రత్యేక చట్టమే లేదు. అలాగని కంపెనీలన్నీ నేరుగా అమ్మడానికి ఉరకలు వేస్తున్నాయా అంటే అదీ లేదు. బ్రిటన్‌లో జాగ్వార్ ల్యాండ్ రోవర్ ఏజెన్సీ పద్ధతికి వెళదామనుకుని 2024లో వెనక్కి తగ్గింది. స్టాక్ మీద వడ్డీ తాము మోయాలని, అమ్ముడుపోని రంగుల కార్లు తమ నెత్తినే ఉంటాయని తెలిసేసరికి చాలామందికి ఉత్సాహం చల్లారుతుంది. నెలకు లక్షల్లో చిన్నకార్లు పంపే మన కంపెనీలు ఆ బరువు ఎత్తుకుంటాయని నేను అనుకోను. డెబ్బై లక్షల కార్లు నెలకు వెయ్యి, పదిహేను వందలు అమ్మేవారికి అది సాధ్యం. అందుకే మిమ్మల్ని ఆగవద్దన్నది.

మీ కొనుగోలు విషయానికి వస్తే, నేరుగా అమ్మే పద్ధతిలోని మేలు డీలర్ దగ్గర కూడా కొంత రాబట్టుకోవచ్చు. ప్రొఫార్మా ఇన్‌వాయిస్, అంటే కొనడానికి ముందు ఇచ్చే అంచనా బిల్లు, రాసిమ్మనండి, నోటిమాట కాదు. ఎక్స్‌షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్, బీమా, రిజిస్ట్రేషన్ రుసుము, ఫాస్టాగ్ విడివిడిగా ఉండాలి. కారు పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా వేస్తారు, అది దోపిడీ కాదు, రిటర్నులో వెనక్కి వస్తుంది. హ్యాండ్లింగ్, లాజిస్టిక్స్ అన్న పేరుతో ఏదైనా కనిపిస్తే కొట్టేయమనండి. అది కట్టకపోతే కారు రాదు అంటే ఆ మాటే కాగితం మీద రాసిమ్మని అడగండి. నా ఇరవై రెండేళ్లలో రాసిచ్చిన మేనేజరును చూడలేదు. బీమా తమ దగ్గరే తీసుకోవాలని బలవంతం చేసే హక్కు డీలర్‌కు లేదు, బీమా నియంత్రణ సంస్థ 2017 మార్గదర్శకాల్లోనే చెప్పింది. బయట రెండు చోట్ల ధర కనుక్కుని ఆ కాగితం బల్ల మీద పెట్టండి. వాళ్లే తగ్గిస్తారు.

డబ్బు కట్టేటప్పుడు బ్యాంకు ఖాతా పేరు, ఇన్‌వాయిస్ మీది పేరు ఒకటేనా చూసుకోండి. సేల్స్ కుర్రాడి సొంత ఫోన్‌పేకి బుకింగ్ సొమ్ము పంపినవాళ్ల ఏడుపులు నేను బోలెడు విన్నాను. ఆ కుర్రాడు ఉద్యోగం మానేస్తే, గోవా కేసులో కంపెనీ చెప్పినట్టే, డీలర్ కూడా మాకు సంబంధం లేదు అంటాడు.

వెళ్లడానికి 26వ తేదీ తర్వాతి రోజు చూసుకోండి. మా పెళ్లివారి షామియానా కథ ఇప్పుడు మీకు పనికొస్తుంది. టార్గెట్‌కు రెండు కార్లు తక్కువైన మేనేజరు చివరి మూడు రోజుల్లో మెత్తబడతాడు. యార్డులో ఎక్కువ రోజులుగా ఉన్న కారు ఏదో అడగండి. రోజూ వడ్డీ తింటున్న ఆ బండిని వదిలించుకోవాలని అతనికీ ఉంటుంది, మంచి తగ్గింపు అక్కడే దొరుకుతుంది. కాకపోతే కళ్లు తెరిచి కొనాలి. ఎండలో నాలుగు నెలలు నిలబడ్డ బండికి బ్యాటరీ దిగి ఉంటుంది, టైర్లు నేలకు ఆనిన చోట నొక్కుకుపోయి ఉంటాయి, వైపర్ రబ్బరు గట్టిపడి ఉంటుంది. బ్యాటరీ పరీక్షించి ఇవ్వమనండి. ఎంచుకున్న కారు ఛాసిస్ నంబరు ఆ రోజే మీ చేత్తో రాసుకోండి. డెలివరీ నాడు బండికి దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, అట్టముక్క తాళంచెవి చేతికిచ్చి ఫొటోకు నిలబెడతారు. కొబ్బరికాయ కొట్టకముందే బానెట్ ఎత్తించి ఆ నంబరు సరిచూడండి. ఫారం 21 అనే అమ్మకం పత్రంలో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి, వాటినీ చూడండి. ఇంట్లోవాళ్లు ముహూర్తం దాటిపోతోంది అని తొందరపెడతారు. అయిదు నిమిషాలు ఆగమనండి.